ఫోను నాజూకైంది, బ్యాటరీ చిక్కిపోయింది

2025లో నాలుగు నెలల తేడాతో రెండు పెద్ద కంపెనీలు ఒకే పందెం కాశాయి. మే నెలలో శాంసంగ్ గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ తెచ్చింది. మందం 5.8 మి.మీ. సెప్టెంబరులో యాపిల్ ఐఫోన్ ఎయిర్ తెచ్చింది. మందం 5.6 మి.మీ. మన దేశంలో మొదటిదాని ధర 1,09,999 రూపాయల నుంచి, రెండోదాని ధర 1,19,900 రూపాయల నుంచి మొదలైంది. చేతిలోకి తీసుకుంటే రెండూ ముచ్చటగానే ఉంటాయి. అయినా ఏడాది ముగిసేలోపే రెండింటికీ అనుకున్నంత గిరాకీ లేదని, ఎయిర్ తయారీ తగ్గించారని, ఎడ్జ్ తర్వాతి మోడల్‌ను పక్కన పెట్టేశారని వార్తలొచ్చాయి.

అంటే జనానికి సన్నని ఫోన్ అక్కర్లేదా? ఉత్తపుణ్యానికి వస్తే అందరికీ కావాలి. దానికోసం ఏం వదులుకోవాలన్న దగ్గరే బేరం చెడుతోంది. ఈ బేరం ఇవాళ్టిది కాదు. నలభై ఏళ్లుగా సాగుతోంది. అందులోంచి ఏరిన సంగతులివి.

ముప్పావు కిలో ఫోన్

1983లో అమెరికాలో అనుమతి పొందిన మోటరోలా డైనాటాక్ 8000ఎక్స్ బరువు దాదాపు 790 గ్రాములు. పది గంటలు ఛార్జింగ్ పెడితే అరగంట మాట్లాడుకోవచ్చు. ధర 3,995 డాలర్లు. ఆ ఫోన్ మోసినవాళ్లు సన్నగా, తేలిగ్గా ఉండాలని కోరుకోవడంలో న్యాయముంది. ఫోన్ల కంపెనీలు సన్నదనం వెంట పడటం అక్కడే మొదలైంది. ఆ రోజుల్లో తగ్గిన ప్రతి మిల్లీమీటరూ వాడేవాడికి మేలే చేసింది.

రేజర్ ఒకవైపు, టార్చిలైటు ఒకవైపు

2004లో వచ్చిన మోటరోలా రేజర్ వీ3 మడత ఫోన్ మందం 13.9 మి.మీ. ఇప్పటి లెక్కలో అది మొద్దే. అప్పట్లో మాత్రం బెల్టుకు తగిలించుకున్న పౌచ్‌లోంచి ఫోన్‌ను జేబులోకి దించిన మోడల్ అదే. ప్రపంచమంతా కలిపి 13 కోట్లకు పైగా అమ్ముడైంది. అందం కోసం జనం ఎగబడతారని కంపెనీలకు నమ్మకం కుదిర్చింది ఈ ఫోనే.

దానికి ఏడాది ముందు, 2003లో, నోకియా 1100 వచ్చింది. మందం 20 మి.మీ. దుమ్ము లోపలికి పోని రబ్బరు కీప్యాడ్, తలమీద టార్చి, రోజుల తరబడి దిగని ఛార్జింగ్. కరెంటు కోతల పల్లెల్లో రాత్రి పొలానికి మోటారు వేయడానికి వెళ్లే రైతుకు ఆ టార్చి ఎంత అక్కరకొచ్చిందో ఆ తరంవాళ్లను అడగాలి. అది అమ్ముడైన లెక్క 25 కోట్లు. నాజూకు రేజర్ కంటే దాదాపు రెట్టింపు. ధర తేడా పెద్దదే, కాదనను. కానీ సామాన్యుడికి ఫోన్‌తో పనేమిటో 1100 తయారుచేసినవాళ్లకు బాగా తెలుసు.

5.9 మి.మీ. ఫోన్ 2007లోనే వచ్చింది

శాంసంగ్ యూ100 అనే బటన్ల ఫోన్ మందం 5.9 మి.మీ. అంతకు ముందేడాది అదే కంపెనీ 6.9 మి.మీ. ఫోన్ తెచ్చింది. మొదటి ఐఫోన్ కూడా 2007లోనే వచ్చింది. దాని మందం 11.6 మి.మీ. సన్నగా ఉన్నదాన్ని ప్రపంచం దాదాపు మరిచిపోయింది. మందంగా ఉన్నది ప్రపంచాన్ని మార్చింది.

చైనా కంపెనీల మిల్లీమీటరు యుద్ధం

అన్నిటికంటే సన్నని ఫోన్ మాదంటే మాదని కంపెనీలు గట్టిగా పోటీపడిన ఏడాది 2014. జియోనీ ఈలైఫ్ ఎస్5.5 పేరులోనే మందం చెప్పుకుంది: 5.55 మి.మీ. తర్వాత అదే కంపెనీ ఎస్5.1 వచ్చింది. అక్టోబరులో ఒప్పో ఆర్5 దాన్ని 4.85కి దించింది. డిసెంబరులో వివో ఎక్స్5 మ్యాక్స్ 4.75 మి.మీ.తో వచ్చింది. ఆర్5లో ఇయర్‌ఫోన్ రంధ్రం తీసేశారు. దానికంటే సన్నగా ఉన్న ఎక్స్5 మ్యాక్స్‌లో మాత్రం ఉంచారు! సన్నగా చేయాలంటే ఆ రంధ్రం తీసేయక తప్పదన్న మాట అబద్ధమని అప్పుడే తేలిపోయింది.

ఈ ఒప్పో, వివో ఫోన్లు రెండింటిలోనూ బ్యాటరీ 2000 ఎంఏహెచ్. ఎక్స్5 మ్యాక్స్ మన దేశంలో 32,980 రూపాయలకు అమ్మారు. మరుసటి ఏడాది మన మైక్రోమ్యాక్స్ కూడా కాన్వాస్ స్లివర్ 5 పేరిట 5.1 మి.మీ. ఫోన్ తెచ్చింది. బరువు 97 గ్రాములే. బ్యాటరీ అదే 2000.

వీటిని మూలకు నెట్టినది మరో సన్నని ఫోన్ కాదు. 2016లో 4050 ఎంఏహెచ్ బ్యాటరీతో రెడ్‌మీ నోట్ 3 మన మార్కెట్‌కు వచ్చింది. 2017 జనవరిలో 4100 ఎంఏహెచ్‌తో నోట్ 4 వచ్చింది. మందం ఎనిమిదిన్నర మి.మీ. దగ్గర. ధర ఎక్స్5 మ్యాక్స్ ధరలో సగం కంటే తక్కువ. మన ఊళ్లలో ఎవరి చేతిలో చూసినా అవే కనిపించాయి. ఈ విషయంలో భారతీయ కొనుగోలుదారు తీర్పు అప్పుడే వచ్చేసిందని నా నమ్మకం. ఆ తర్వాత కంపెనీలు అదే ప్రశ్నను మళ్లీ మళ్లీ అడుగుతున్నాయంతే.

ఒక్క మిల్లీమీటరు ఖరీదు

6.5 అంగుళాల తెర ఉన్న ఫోన్ పొడవు 156, వెడల్పు 75 మి.మీ. అనుకుందాం. అందులో మందం ఒక మిల్లీమీటరు తగ్గిస్తే సుమారు 11.7 ఘన సెంటీమీటర్ల చోటు పోతుంది. ఫోన్ లోపలి విస్తీర్ణంలో సగం బ్యాటరీదే. కాబట్టి బ్యాటరీకి పోయేది ఆరు ఘన సెంటీమీటర్లు. ఇప్పటి మంచి లిథియం బ్యాటరీ లీటరుకు 700 వాట్ అవర్ల దాకా నిల్వ చేస్తుందన్న లెక్కన, అది దాదాపు 1000 ఎంఏహెచ్‌కు సమానం.

పైన అద్దం, దానికింద తెర, వెనక పలక, వీటి మందం పెద్దగా తగ్గదు. కాబట్టి సన్నబెట్టిన ప్రతిసారీ కోత పడేది బ్యాటరీకే. చిక్కిపోయేది ఎప్పుడూ అదే.

తిరగేసి చూస్తే

2019లో యాపిల్ ఈ పని తిరగేసి చేసింది. అంతకు ముందటి ఐఫోన్ టెన్‌ఎస్ మందం 7.7 మి.మీ., బరువు 177 గ్రాములు. కొత్త 11 ప్రో మందం 8.1 మి.మీ., బరువు 188 గ్రాములు. పెరిగింది 0.4 మి.మీ., 11 గ్రాములు. ఛార్జింగ్ మాత్రం నాలుగు గంటల దాకా ఎక్కువ వస్తుందని కంపెనీ స్వయంగా చెప్పుకుంది. మందం పెరిగిందని ఫిర్యాదు చేసినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. అరమిల్లీమీటరు కూడా లేని తేడాకు సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఛార్జింగ్ దొరికిందంటే ఎవరు వద్దంటారు?

తీసేసి, మళ్లీ పెట్టి

2015లో శాంసంగ్ గెలాక్సీ ఎస్6ను అందంగా, 6.8 మి.మీ. మందంతో చేసింది. అంతకు ముందున్న ఎస్5 మందం 8.1 మి.మీ. ఎస్5లో ఊడదీసి మార్చుకునే బ్యాటరీ, మెమరీ కార్డు చోటు, నీటి నుంచి రక్షణ ఉండేవి. ఎస్6లో మూడూ పోయాయి. బ్యాటరీ 2800 నుంచి 2550కి దిగింది.

ఏడాది తిరిగేసరికి ఎస్7 వచ్చింది. మందం 7.9 మి.మీ., బ్యాటరీ 3000, మెమరీ కార్డు మళ్లీ వచ్చింది, నీటి రక్షణ మళ్లీ వచ్చింది. ఊడే బ్యాటరీ ఒక్కటి మాత్రం తిరిగి రాలేదు.

ఒకే ఇంట్లో ఇద్దరు

మోటో జడ్, మోటో జడ్ ప్లే. రెండూ 2016లోనే వచ్చాయి, రెండూ ఒకే కంపెనీవి. మొదటిది 5.19 మి.మీ., 2600 ఎంఏహెచ్, ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు, ధర 39,999 రూపాయలు. రెండోది 7 మి.మీ., 3510 ఎంఏహెచ్, రంధ్రం ఉంది, ధర 24,999. ఛార్జింగ్ నిలబడటంలో రెండో ఫోన్‌ను సమీక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. మొదటిదానికి వెనక అయస్కాంతంతో అతికించే అదనపు బ్యాటరీ అమ్మారు. అది తగిలిస్తే మొదటి ఫోన్ రెండోదానికంటే మందం అవుతుంది!

ఎయిర్ కథలోనూ ఇదే ఉంది. ఐఫోన్ ఎయిర్‌కని యాపిల్ ప్రత్యేకంగా ఒక మ్యాగ్‌సేఫ్ బ్యాటరీ తెచ్చింది. ఐఫిక్సిట్ అనే మరమ్మతుల సంస్థ రెండింటినీ విప్పి చూస్తే, లోపల ఉన్న బ్యాటరీ సెల్ ఒకటేనని తేలింది. 12.26 వాట్ అవర్లు, మందం 2.72 మి.మీ. ఫోన్‌లో పెట్టాల్సిన రెండో బ్యాటరీని బయట విడిగా అమ్మినట్టయింది.

వంగిన ఐఫోన్లు

2014 సెప్టెంబరులో ఐఫోన్ 6, 6 ప్లస్ వచ్చిన కొద్ది రోజులకే జేబులో పెట్టుకుని కూర్చుంటే ఫోన్ వంగుతోందని గోల మొదలైంది. వేళ్లతో వంచి చూపిన వీడియోలను కోట్లమంది చూశారు. ఫిర్యాదు చేసింది తొమ్మిది మందేనని కంపెనీ అంది. 2018లో ఒక కోర్టు కేసు పుణ్యమా అని లోపలి పరీక్షల ఫలితాలు బయటికొచ్చాయి. ఐఫోన్ 5ఎస్‌తో పోలిస్తే 6 వంగే అవకాశం 3.3 రెట్లు, 6 ప్లస్ వంగే అవకాశం 7.2 రెట్లు ఎక్కువని కంపెనీకి ముందే తెలుసు.

దీని వెనక ఉన్నది ఇంజినీరింగు మొదటేడు పాఠమే. పలక బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం సగమైతే బిగువు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. 8 మి.మీ. పలకను 5.6కు తగ్గిస్తే మిగిలేది మూడో వంతే. అందుకే 2015 నాటి 6ఎస్‌కు గట్టి రకం అల్యూమినియం వాడారు. అందుకే ఇప్పటి ఎడ్జ్‌కూ ఎయిర్‌కూ టైటానియం చట్రం పెట్టారు. ఆ పాఠం మాత్రం బాగానే వంటబట్టింది. యూట్యూబ్‌లో బలవంతులు చేతులతో వంచబోయినా ఎయిర్ విరగలేదు.

ఉబ్బే బ్యాటరీకి ఊపిరాడాలి

లిథియం బ్యాటరీ ఛార్జింగ్ ఎక్కేటప్పుడు కొద్దిగా ఉబ్బుతుంది, దిగేటప్పుడు తగ్గుతుంది. పాతబడేకొద్దీ లోపల వాయువులు చేరి శాశ్వతంగా ఉబ్బుతుంది. ఏ రిపేరు షాపులో అడిగినా చూపిస్తారు. వెనక పలక ఒకవైపు లేచి, ఆ సందులోంచి వెండిరంగు సంచీ అప్పడంలా పొంగి కనిపిస్తుంది. మెకానిక్ దాన్ని ప్లాస్టిక్ బద్దతో మెల్లగా, గుచ్చుకోకుండా తీస్తాడు. గుచ్చుకుంటే మంటే.

ఫోన్‌లో చోటు బిగుతైతే ఏమవుతుందో 2016లో గెలాక్సీ నోట్ 7 చూపించింది. ఫోన్లు కాలిపోయాయి. విమానాల్లో దాన్ని ఆన్ చేయొద్దని, ఛార్జింగ్ పెట్టొద్దని మన పౌర విమానయాన డైరెక్టరేట్ కూడా ఆదేశించింది. అక్టోబరులో తయారీయే ఆపేశారు. 2,00,000 ఫోన్లు, 30,000 బ్యాటరీలు పరీక్షించి 2017 జనవరిలో శాంసంగ్ కారణం ప్రకటించింది. మొదటి రకం బ్యాటరీలో సంచీ మూల దగ్గర చోటు చాలక లోపలి రేకు వంగింది. రెండో రకంలో వెల్డింగు ముళ్లు రేకును పొడిచాయి. మొదటి కారణం మరోసారి చదవండి. చోటు చాలక.

కెమెరా దగ్గర కొలవరు

5.6 మి.మీ. అన్నది ఎయిర్ వీపు దగ్గర కొలత. కెమెరా ఉన్న గట్టు దగ్గర కొలిస్తే దాదాపు రెట్టింపు. ఆ గట్టులోనే కెమెరా, స్పీకరు, ప్రధాన బోర్డు ఇరికించి, కింద మిగిలిన చోటంతా బ్యాటరీకి ఇచ్చారు. ఇంజినీర్ల పనితనం మెచ్చుకోవాల్సిందే. అయినా వెనక కెమెరా ఒక్కటే, స్పీకరు ఒక్కటే, సిమ్ పెట్టే ట్రే లేదు.

కెమెరా ఎందుకు తగ్గదంటారా? కాంతి కటకం దాటి సెన్సర్ మీద పడటానికి కొంత దూరం కావాలి. సెన్సర్ పెద్దదైతే దూరమూ పెరగాలి. దూరపు దృశ్యాన్ని దగ్గరికి తెచ్చే జూమ్‌కైతే మరీను. దీనికి 2002లోనే మినోల్టా కంపెనీ డిమాజ్ ఎక్స్ కెమెరాలో ఒక ఉపాయం పన్నింది. పట్టకంతో కాంతిని 90 డిగ్రీలు మళ్లించి కటకాలను నిలువుగా పేర్చింది. 2019లో హువావే పీ30 ప్రో అదే దారిలో 5 రెట్ల జూమ్ పెట్టింది. అంత చేసినా కెమెరా గట్టు ఏడాదికేడాది పెరుగుతూనే ఉంది. చంటిపిల్లల ఫొటోలు, పెళ్లి ఫొటోలు బాగా రావాలని కోరుకునే జనానికి ఆ గట్టు మీద కోపం లేదు.

సిమ్ ట్రే బరువెంత?

సిమ్ పెట్టే ట్రే ఎంత చోటు తింటుందో చెప్పడానికి ఐఫోన్ 17 ప్రో మ్యాక్స్ మంచి ఉదాహరణ. ట్రే ఉన్న మోడల్‌లో బ్యాటరీ 4823 ఎంఏహెచ్. ఈ-సిమ్ మాత్రమే ఉన్న మోడల్‌లో 5088. మన దేశంలో అమ్మేది ట్రే ఉన్నదే. ఫోన్ మార్చినప్పుడల్లా సిమ్ తీసి వేసుకోవడం, రెండో సిమ్‌కు వేరే నెట్‌వర్క్ పెట్టుకోవడం మనకు అలవాటైన పని. అమ్మ పాత ఫోన్ పాడైతే ఆ సిమ్ తీసి మరో ఫోన్‌లో వేయడం ఇంట్లో పదేళ్ల పిల్లాడికీ వచ్చు. ఈ-సిమ్‌కైతే కంపెనీకి విన్నవించుకోవాలి. ఆ 265 ఎంఏహెచ్ కోసం ఈ వెసులుబాటు వదులుకోవాలా అన్నది ఎవరి అవసరాన్ని బట్టి వారు తేల్చుకోవాలి.

అన్నట్టు, ఎయిర్ విడుదలైన రోజే విడుదలైన ఈ ప్రో మ్యాక్స్ మందం 8.75 మి.మీ. ముందటి ఏడాదికంటే అరమిల్లీమీటరు ఎక్కువ. ఒకే వేదిక మీద ఒకటి సన్నబడింది, ఒకటి లావెక్కింది.

సన్నదనం నిజంగా పనికొచ్చే చోటు

మడత ఫోన్ల దగ్గర మాత్రం నా మాట మార్చుకోవాలి. 2019 నాటి మొదటి గెలాక్సీ ఫోల్డ్‌ను మడిస్తే కీలు దగ్గర 17.1 మి.మీ., బరువు 276 గ్రాములు. జేబులో పెడితే జేబు కిందికి జారేది. 2025 జులైలో వచ్చిన జడ్ ఫోల్డ్ 7 మడిస్తే 8.9 మి.మీ., బరువు 215 గ్రాములు. విప్పితే 4.2 మి.మీ. దీనికోసం కూడా ఒకటి వదిలేశారు: ఎస్ పెన్‌తో రాసే వీలు. అయినా జనం వెనకాడలేదు. ఫోల్డ్ 7కు, దానితో వచ్చిన ఫ్లిప్‌లకు మన దేశంలో తొలి 48 గంటల్లో 2,10,000 ముందస్తు ఆర్డర్లు వచ్చాయని కంపెనీ ప్రకటించింది.

కారణం తేలికే. మామూలు ఫోన్ 7.5 నుంచి 5.6కు తగ్గితే జేబుకు పెద్ద తేడా తెలియదు. మడత ఫోన్ 17 నుంచి 9కి తగ్గితే వాడలేనిది వాడదగ్గదైంది.

ఈ తగ్గుదలకూ ఒక గోడ ఉంది. యూఎస్‌బీ-సి ఛార్జర్ మొన మందం 2.4 మి.మీ. దాన్ని మింగే రంధ్రం, దాని చుట్టూ లోహపు గోడలు కలుపుకుంటే ఫోన్ అంతకంటే బాగా మందంగా ఉండాలి. 2024లో హువావే తెచ్చిన మూడు మడతల మేట్ ఎక్స్‌టీని విప్పితే 3.6 మి.మీ. ఇంకా తగ్గించాలంటే ఛార్జింగ్ రంధ్రాన్నే మార్చాలి.

సిలికాన్ వచ్చి లెక్క మార్చింది

బ్యాటరీలో రుణధ్రువానికి వాడే గ్రాఫైట్ గ్రాముకు 372 ఎంఏహెచ్ దాచగలదు. సిలికాన్ అయితే సిద్ధాంతపరంగా సుమారు 3600. అంటే దాదాపు పదింతలు. మరి ఇన్నేళ్లు ఎందుకు వాడలేదు? ఛార్జింగ్ ఎక్కితే సిలికాన్ మూడింతలు ఉబ్బి పగిలిపోతుంది. కొద్ది పాళ్లలో, కార్బన్‌లో ఇమిడ్చి వాడటం నేర్చాక దారి దొరికింది. 2023లో చైనాలో ఆనర్ మ్యాజిక్5 ప్రోతో ఇది ఫోన్లలోకి వచ్చింది.

ఇప్పుడు మన మార్కెట్ చూడండి. 2025 ఏప్రిల్‌లో ఐకూ జడ్10 వచ్చింది: 7300 ఎంఏహెచ్, మందం 7.89 మి.మీ., ధర 21,999 నుంచి. సెప్టెంబరులో టెక్నో పోవా స్లిమ్ వచ్చింది: 5.95 మి.మీ., అయినా బ్యాటరీ 5160, ధర 19,999. చిప్‌లో, కెమెరాలో దీనికి పెద్ద గొప్పలు లేవు. మోటరోలా ఎడ్జ్ 70 మందం 5.99 మి.మీ., బ్యాటరీ 5000. దాని పక్కన లక్ష దాటిన ఎస్25 ఎడ్జ్‌ను పెడితే 3900. ఐఫోన్ ఎయిర్‌లో 3149.

పెద్ద కంపెనీలు వెనకబడటానికి రవాణా నిబంధనలూ ఒక కారణమంటారు. ఒక్క సెల్ 20 వాట్ అవర్లు దాటితే అమెరికా, ఐరోపాల్లో ప్రమాదకర సరుకుగా పంపాలి. 20 వాట్ అవర్లంటే సుమారు 5200 ఎంఏహెచ్. అందుకే చాలా ఫోన్లు 5000 దగ్గర ఆగిపోయాయి. చైనా, భారత్ మార్కెట్లకు పెద్ద బ్యాటరీతో వచ్చే ఫోనే ఐరోపాకు వెళ్లేసరికి చిన్న బ్యాటరీతో వెళుతుంటుంది.

ఇటుక ఎవరికీ అక్కర్లేదు

బ్యాటరీ కావాలన్నారు కదా అని ఎంత మందమైనా మోస్తారనుకుంటే పొరపాటు. 2019లో ఎనర్జైజర్ పేరిట 18,000 ఎంఏహెచ్ ఫోన్ ఒకటి చూపించారు. మందం 18 మి.మీ. తయారీకి జనం నుంచి 12 లక్షల డాలర్లు చందాగా సేకరించబోతే సుమారు 15,000 డాలర్లే వచ్చాయి. ముందుకొచ్చినవాళ్లు 11 మంది.

ఎండాకాలం పరీక్ష

ఐఫోన్‌ను వాడాల్సిన వాతావరణ ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని యాపిల్ తన సూచనల్లో రాసింది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండ సంగతి మనకు కొత్తగా చెప్పాలా? అక్కడ 45 దాటిన రోజులుంటాయి. ఫోన్ సన్నబడితే వేడిని పీల్చుకునే పదార్థం తగ్గుతుంది, చిప్‌కూ చేతికీ మధ్య దూరం తగ్గుతుంది. 17 ప్రోలో వేడిని పరిచే ఆవిరి అర పెట్టారు, ఎయిర్‌లో పెట్టలేదు. వేడెక్కిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గించుకుంటుంది, వేగం తగ్గించుకుంటుంది, ఛార్జింగ్ ఆపేస్తుంది. ఎండలో నిలబడి ఆర్డర్ల కోసం రోజంతా మ్యాప్ చూసుకునే డెలివరీ కుర్రాడికి ఇది జీవనాధారం సమస్య. చల్లటి గదుల్లో మందం నిర్ణయించేవాళ్లు అతన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పౌచ్ వేశాక మందమెంత?

హైదరాబాద్ ఆబిడ్స్‌లో జగదీష్ మార్కెట్ సెల్‌ఫోన్ సరుకుకు పేరున్న చోటు. సాయంత్రం పూట అక్కడ ఏ కౌంటరు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. కొత్త ఫోన్ డబ్బాలోంచి తీయగానే అబ్బాయి తడి గుడ్డ, పొడి గుడ్డ మార్చి మార్చి తెర తుడుస్తాడు. టేపు ముక్కతో మిగిలిన దుమ్ము రేణువులు తీస్తాడు. టెంపర్డ్ గ్లాస్‌ను మధ్యలో వేలితో నొక్కితే గాలి అంచులకు పాకి పోతుంది. తర్వాత రెండు మూడు పౌచ్‌లు ముందు పరుస్తాడు. కొనేవాళ్లు వేలితో నొక్కి చూసి మూలలు మందంగా ఉన్నదే తీసుకుంటారు. "అన్నా, కింద పడ్డా ఏం కాదు కదా?" అన్నదే అడిగే ప్రశ్న. కంపెనీ కోట్లు పోసి తగ్గించిన మిల్లీమీటర్లను నూటయాభై రూపాయల పౌచ్ అక్కడికక్కడే తిరిగి కలిపేస్తుంది. టైటానియం మెరుపు కూడా దానికిందకే పోతుంది.

అలాగని సన్నదనం కోరేవాళ్ల మాట కొట్టిపారేయలేను. చొక్కా పై జేబులో ఫోన్ పెట్టుకుని వంగితే జారి పడుతుంది. ఆడవాళ్ల దుస్తులకు సరైన జేబులే కుట్టరు కాబట్టి ఫోన్ చేతిలోనో చిన్న పర్సులోనో ఉండాలి. కీళ్లవాతం ఉన్న పెద్దలకు 230 గ్రాముల ఫోన్ పావుగంట పట్టుకుంటే మణికట్టు లాగేస్తుంది. వీళ్లు అడిగేది చాలావరకు తేలికదనం. సన్నని ఫోన్‌లో మెచ్చుకునేదీ దాన్నే. ఎస్25 ఎడ్జ్ 163 గ్రాములు, ఎయిర్ 165. పట్టుకున్నవాళ్ల ముఖాలు విప్పారేది ఆ బరువుకే. కంపెనీలు ప్రకటనల్లో మిల్లీమీటర్లతో పాటు గ్రాములు కూడా పెద్ద అక్షరాల్లో వేస్తే ఎంతోమందికి మేలు.

ల్యాప్‌టాప్ నేర్పిన పాఠం

2008 జనవరిలో యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ కాగితపు కవర్లోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించారు. ఏడేళ్ల తర్వాత అదే కంపెనీ ఇంకా సన్నగా చేయాలని సీతాకోకచిలుక కీబోర్డు తెచ్చింది. చిన్న నలకపడినా మీటలు మొరాయించాయి. చివరికి 2022లో 5 కోట్ల డాలర్లకు కేసు రాజీ అయింది. అంతకుముందే, 2021లో, మ్యాక్‌బుక్ ప్రోలో తీసేసిన హెచ్‌డీఎంఐ, మెమరీ కార్డు రంధ్రాలు తిరిగొచ్చాయి. 16 అంగుళాల మోడల్ మందం కొంచెం పెరిగింది.

బ్యాటరీ మళ్లీ మన చేతికి?

ఐరోపా సమాఖ్య నియమం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునే వీలుండాలి. ఫోన్లకు 2025 జూన్ 20 నుంచే కొన్ని షరతులు వచ్చాయి. 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి తగ్గకూడదన్నది వాటిలో ఒకటి. చిన్న బ్యాటరీని ఎక్కువసార్లు ఛార్జ్ చేయాలి, కాబట్టి దాని ఆయుష్షు త్వరగా ఖర్చవుతుంది. సన్నని ఫోన్ కొనేవాళ్లకు దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు.

ఈ ఏడాది ఫోన్ కొనబోతున్నవాళ్లకు ఒక మనవి. డబ్బాలోంచి తీసిన ఫోన్‌ను ఉత్తగా పట్టుకుని మురిసిపోయి డబ్బు కట్టేయకండి. మీరు వేయబోయే పౌచ్ వేయించి, అప్పుడు జేబులో పెట్టి చూడండి. డబ్బా మీద ఎంఏహెచ్ ఎంతో, గ్రాములెన్నో చదవండి. బ్యాటరీ మార్చాలంటే మీ ఊళ్లో ఎంతవుతుందో కౌంటరు దగ్గరే అడిగి తెలుసుకోండి.